ఒళ్ళో ఉండవలసిన మూట

కొత్తగా మన ఆఫీసులో చేరిన మీ ముగ్గురూ మొన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర నన్ను ఒక మాట అడిగారు. క్యాంపులకి కార్లో వెళ్ళేటప్పుడు కాగితాలు, సామాను ఎలా జాగ్రత్త చేసుకోవాలో రాసి ఇచ్చి వెళ్ళమన్నారు. ఈ నెలాఖరుకి నేను ఉద్యోగం మానేసి టీచరు ట్రెయినింగుకి వెళ్ళిపోతున్నాను కదా, ఎనిమిదేళ్ళ అనుభవం నాతోపాటు రైలెక్కి పోకూడదని మీలో ఒకరన్నారు. అందరూ నవ్వారు. నేను పెరుగన్నం సగంలో వదిలేసి చెయ్యి కడుక్కోడానికి లేచిపోయాను.

మీరేదో తప్పుగా అన్నారని కాదు. ఆ విషయంలో సలహా చెప్పే అర్హత ఈ ఆఫీసులో అందరికంటే తక్కువ ఉన్నది నాకే. అది మీకు తెలియదు. తెలిసినవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు గాని వాళ్ళు చెప్పరు. నలుగురి ముందు నాకు నోరు పెగలదు కాబట్టి, రాయమన్నారు కాబట్టి, రాస్తున్నాను.

జాగ్రత్తలంటే పెద్దగా ఏమీ లేవు. అప్పటి ఆడపిల్లల బడుల ఇన్‌స్పెక్ట్రెస్ గారు, మేమందరం అమ్మగారు అనేవాళ్ళం, నేను చేరిన మొదటి రోజే వేళ్ళు మడిచి చెప్పారు. కారు ఆగగానే అద్దాలు ఎత్తాలి. సామాను సీటు మీద పెట్టకూడదు. కాళ్ళ దగ్గర పెట్టి, పైన దుప్పటి కప్పి, బయటివాళ్ళ కంట పడకుండా చూడాలి. డ్రైవరూ మనమూ ఒకేసారి కారు వదిలి పోకూడదు. మూటలో ఏముందని ఎవరైనా అడిగితే పాత బట్టలని చెప్పాలి. నేను చేతిలో ఉన్న చిన్న పుస్తకంలో ఇవన్నీ రాసుకోబోతుంటే ఆవిడ ఆపారు.

"రాసుకోకమ్మాయ్, విను. రాసుకున్నది నీ డైరీలో ఉంటుంది. మూట దారిలో ఉంటుంది."

నేను డైరీ రాస్తానని ఆవిడకెలా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. ట్రంకు పెట్టెలో అడుగున పరిచిన కాగితం కింద దాచేదాన్ని. మాది గూడూరు దగ్గర పల్లె. మా నాన్న చర్చిలో ఉపదేశి. నవలలు చదివితే బుద్ధి చెడుతుందని ఆయన నమ్మకం. అందుకని నా నవలలన్నీ వార్తాపత్రిక అట్ట వేసుకుని, ఆఫీసు కాగితాల్లా నటిస్తూ నాతో తిరిగేవి. బందరులో ఒక షాపులో అద్దెకి తెచ్చుకునేదాన్ని. మనుషులతో మాట్లాడలేనిదాన్ని, పుస్తకాల్లో మనుషులు మాట్లాడుకుంటుంటే వినడం నాకు ఎంతో హాయిగా ఉండేది.

అప్పుడు ఆఫీసుకి సొంత కారు లేదు. పరీక్షల రోజుల్లో మాత్రం ఒక కారు బాడుగకి తీసుకునేవాళ్ళు. నల్లటి పాత కారు. ముందు హ్యాండిలు పెట్టి తిప్పితే గాని స్టార్టయ్యేది కాదు. దాని యజమానీ, డ్రైవరూ ఒక్కడే. యాభై దాటిన మనిషి. పొద్దున్నే స్టీరింగు తాకి కళ్ళకద్దుకుని, ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టి, అది చితికాక గాని మమ్మల్ని ఎక్కనిచ్చేవాడు కాదు. నేను ఆయన్ని బాబాయిగారూ అనేదాన్ని. ఆయన నన్ను అమ్మాయిగారూ అనేవాడు. ఇద్దరం అంతకంటే ఎక్కువ మాట్లాడుకోవలసిన అవసరం రాలేదు, ఆ రోజు దాకా.

నేను చేరిన ఏడు అవనిగడ్డలో ఎనిమిదో తరగతి ఆడపిల్లలకి పబ్లిక్ పరీక్ష జరిగింది. చుట్టుపక్కల బడుల పిల్లలందరూ అక్కడికొచ్చి రాశారు. వాళ్ళలో తొమ్మిది మంది సముద్రం పక్కన, పాలకాయతిప్పకి దగ్గరలో ఉన్న ఒక పల్లెకారుల ఊరి నుంచి వచ్చారు. ఆ ఊరి నుంచి ఆడపిల్లలు ఎనిమిదో తరగతి పరీక్షకి రావడం అదే మొదటిసారి. పరీక్ష నడిచిన రోజులన్నీ తొమ్మిది మందీ ఊరి చివర వాళ్ళ పంతులమ్మ చుట్టాలింట్లో ఒకే వసారాలో పడుకున్నారు. ఆఖరి రోజు లెక్కల పరీక్ష. మిగతా పేపర్లు అంతకుముందే గుడివాడ చేరిపోయాయి. పేపర్లు దిద్దేది అక్కడ. ఈ లెక్కల పేపర్ల మూట నేను కార్లో తీసుకువెళ్ళి అక్కడున్న అమ్మగారికి అప్పగించాలి. నాతో రావలసిన ఆయాకి జ్వరం వచ్చింది. ఒక్కదాన్నే బయల్దేరాను.

ఖాకీ గుడ్డలో మూట కుట్టి, లక్క సీలు వేసి, కారు దగ్గరికి తెచ్చాను. అప్పటికే ఆ తొమ్మిది మందిలో ఒక పిల్ల తన తల్లితో కారు పక్కన నిలబడి ఉంది. నల్లగా, పొడుగ్గా, జడకి ఎర్ర రిబ్బను కట్టుకున్న పిల్ల. తల్లి పక్కన ఎండుచేపల బుట్ట.

"మా కాయితాలు ఇందులోనేనాండి పొయ్యేది?" అంది పిల్ల.

తలూపాను.

"జాగర్తగా తీసుకెళ్ళండమ్మా. ఆఖరి లెక్క రెండుసార్లు చేశానండి. రెండుసార్లూ ఒకటే వచ్చింది."

తల్లి నవ్వింది. "ఇది పంతులమ్మవుద్దంటమ్మా. రాత్రిళ్ళు నిద్దట్లో కూడా ఎక్కాలు చెప్తంది. మావూరొచ్చిన పంతులమ్మలు చేపల వాసన పడక మూణ్ణెల్లకి పెట్టె సర్దుకుంటన్నారు. ఇదైతే ఎక్కడికి పోద్ది? ఆ వాసనలోనే పుట్టింది."

"నువ్వూరుకోవే అమ్మా," అంది పిల్ల.

ఎనిమిది పాసైతే బందరు ట్రెయినింగు స్కూల్లో చేరొచ్చు. ఆ పిల్ల దరఖాస్తు అప్పటికే మా ఆఫీసుకి వచ్చింది. దాన్ని నేనే ఫైల్లో పెట్టాను. ఆ సంగతి చెబితే ఎంత సంతోషించేదో. సిగ్గుపడి చెప్పలేదు. కారెక్కి తలుపు వేసుకున్నాను.

మూట కాళ్ళ దగ్గర పెట్టి పైన దుప్పటి కప్పాను. నవల తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. పులిగడ్డ అక్విడక్టు వంతెన మీదికి వచ్చేసరికి కారు ఒక కుదుపు కుదిపింది. నా కాలు మూటకి తగిలింది. అలవాటు కొద్దీ వంగి, మూట తాకి కళ్ళకద్దుకున్నాను. మా ఇంట్లో బైబిలు గాని, బడి పుస్తకం గాని కాలికి తగిలితే మా నాన్న చేయించేదీ అదే.

బాబాయి అద్దంలో చూశాడు.

"కాలు తగిలిందా అమ్మాయిగారూ?"

"ఆ."

"అందులో ఉన్నయ్యి పిల్లల పరీక్షలు కాదూ?"

"అవునండి."

"చదువుల తల్లిని కాళ్ళ కింద పెట్టుకుని గుడివాడ దాకా తొక్కుకుంటూ పోతే ఆ పిల్లలు పాసవుతారా అండీ? మీ ఇష్టం. నాకేదో మనసొప్పట్లేదు. అంతే."

అమ్మగారైతే ఒకటే మాట అని ఉండేవారు. ఒకసారి ఇదే ప్రశ్న ఆయా వేస్తే, "కాళ్ళ దగ్గర పెడితే సరస్వతికి కోపం రాదే. పోగొడితే వస్తుంది" అన్నారు. నాకు ఆ మాట గుర్తుంది. నోటిదాకా రాలేదు. పైగా నాలో ఇంకో భయం. ఈ కిరస్తానం వాళ్ళకి ఈ పట్టింపులు ఉండవులే అని ఆయన లోపల అనుకుంటాడేమో అనిపించింది. ఆయన అలాంటి మాట ఎన్నడూ అనలేదు. అన్నట్టు ఊహించుకున్నది నేనే. మూట ఎత్తి పక్కన సీటు మీద పెట్టాను. ఎండలో ఖాకీ గుడ్డ, ఎర్ర లక్క నిగనిగలాడాయి. పెళ్ళి బట్టల మూటలా ఉంది.

బాబాయి తృప్తిగా తలాడించి హారను కొట్టాడు.

చల్లపల్లి దాటాం. ఘంటసాల రోడ్డు ఎటో వెనక్కి పోయింది. నేను తలెత్తలేదు. కథ అంత మంచి పట్టులో ఉంది. పామర్రు దాటాక మొదటి భాగం అయిపోయింది. సరిగ్గా నాయిక పడవ ఎక్కబోతుండగా. రెండో భాగం నా దగ్గర లేదు. ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. అట్ట మూసి, మళ్ళీ ఆఖరి పేజీ తీసి, మళ్ళీ చదివాను.

గుడివాడలో రైల్వే స్టేషను దగ్గర ఇంజను వేడెక్కి బానెట్లోంచి పొగలొచ్చాయి. బాబాయి దిగి డబ్బా తీశాడు.

"పంపు దగ్గర నీళ్ళు పట్టుకొస్తాను. మీరు లోపలే కూర్చోండి అమ్మాయిగారూ."

కూర్చున్నాను. ఎండ. అద్దాలు సగం దించాను. రోడ్డుకి అవతల ఒక పుస్తకాల షాపు. తాడు మీద బట్టలారేసినట్టు పుస్తకాలు వేలాడదీశాడు. అందులో నాలుగోదో అయిదోదో, అదే నవల. అట్ట మీద రెండో భాగం అని ఉంది.

ఎంతసేపు ఆలోచించానని అడిగితే, ఆలోచించలేదు. మొదటి భాగం ఆఖరి పేజీలో వేలు పెట్టుకుని, దిగి తలుపు వేసి, రోడ్డు దాటాను. రెండు నిముషాలు, అంతే. మొదటి పేజీ చూసి, ఆవిడ పడవ ఎక్కిందో లేదో తెలుసుకుని వచ్చేద్దామని. మధ్యలో ఒక బస్సు వచ్చి కారుకీ నాకూ అడ్డంగా ఆగింది. అది వెళ్ళిపోయేసరికి కారు ఎలా ఉన్నది అలాగే ఉంది. తలుపు మాత్రం తెరిచి ఉంది.

కాళ్ళ దగ్గర దుప్పటి ఉంది. సీటు మీద మూట లేదు.

బాబాయి డబ్బాతో వచ్చి నన్ను చూశాడు, సీటు చూశాడు. డబ్బా కింద పెట్టేశాడు. ఇద్దరం స్టేషనులోకీ, సంతలోకీ, బండ్ల అడుగునా వెతికాం. ఒక సోడా కొట్టు అతను మాత్రం, "బట్టల మూట పట్టుకుని ఎవరో గట్టు వైపు పోయాడండి, మీవాడే అనుకున్నా" అన్నాడు.

పేపర్లు దిద్దే హైస్కూలు అక్కడికి దగ్గరే. అమ్మగారు వరండాలో నిలబడి మా కోసం చూస్తున్నారు. నేను ఆవిడ ముందు నిలబడి చెప్పిన మాటలు మీకు ఉన్నవి ఉన్నట్టు రాస్తాను. ఇవి రాయడానికే ఈ కాగితాలన్నీ.

"కాళ్ళ దగ్గరే పెట్టానండి. దుప్పటి కప్పానండి. దాహమేసి సోడాకి దిగాను. ఆయన కారు దగ్గరే ఉన్నాడనుకున్నానండి."

నాలుగు మాటల్లో నాలుగూ అబద్ధాలు. దిగిన మాట ఒక్కటి నిజం.

అమ్మగారు ఆయన వైపు తిరిగారు. "ఏమయ్యా, ఆడపిల్ల దిగితే నువ్వు కారు వదిలి ఎలా పోయావు?"

బాబాయి నన్ను చూశాడు. కోపంగా కాదు. లెక్క అర్థం కాని పిల్లాడు బోర్డు వైపు చూసినట్టు చూశాడు. తరవాత భుజం మీద తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"తప్పయిపోయిందమ్మగారూ."

నేను అప్పుడైనా నోరు విప్పవచ్చు. విప్పలేదు. ఆ రోజు డైరీ తీసి చూస్తే, "మూట కాళ్ళ దగ్గరే పెట్టాను" అని నా దస్తూరీలోనే ఉంది. ఎవరూ చదవని పుస్తకంలో, తాళం వేసిన పెట్టెలో, నాకు నేనే అబద్ధం రాసుకున్నాను.

మర్నాడు రైసుమిల్లు వెనక కాలవ గట్టున పేపర్లు దొరికాయి. దొంగకి కావలసింది బట్టలు. కాగితాలు చూసి నీళ్ళలోకి విసిరి, ఖాకీ గుడ్డ మాత్రం పట్టుకుపోయాడు. తడిసిన పేపర్లు బందరు తెచ్చి, ఆఫీసు హాల్లో తాళ్ళు కట్టి ఆరేశాం. అప్పుడు పిల్లలు సిరా బిళ్ళలు నీళ్ళలో కలుపుకుని రాసేవాళ్ళు. ఆ సిరా నీళ్ళకి ఆగుతుందా? ప్రతి కాగితమూ ఆకాశంలా నీలంగా, శుభ్రంగా ఉంది. పైన మూల నంబర్లు మాత్రం పెన్సిలుతో వేయించాం కాబట్టి అవి చెక్కు చెదరలేదు. ఏ కాగితం ఎవరిదో తెలుస్తుంది. ఏం రాశారో తెలియదు. ఆ ఎర్ర రిబ్బను పిల్ల నంబరు నాకు తెలుసు. ఆ కాగితం దగ్గర చాలాసేపు నిలబడ్డాను. అమ్మగారు అటు వెళ్తూ, "ఏం చదువుతున్నావు అందులో?" అన్నారు. ఏమీ లేదన్నాను.

ఆఫీసు ఆ కారుని మానిపించింది. వేరే కారు మాట్లాడుకున్నారు.

పైనుంచి మళ్ళీ పరీక్ష పెట్టడానికి అనుమతి రావడానికి నెలన్నర పట్టింది. ఆ సంగతి చెప్పడానికి అమ్మగారితో నేనూ ఆ ఊరు వెళ్ళాను. కోడూరు దాటాక ఇసకలో కారు దిగబడింది, మిగతా దూరం నడిచాం. బడి అంటే ఒక తాటాకు పాక. అమ్మగారు పంతులమ్మతో మాట్లాడుతుంటే ఆ పిల్ల నా దగ్గరికొచ్చింది.

"ఎట్టా పోయినయ్యండి?"

ఇక్కడ నిజం చెప్పడానికి నాకు ఏ అడ్డమూ లేదు. అమ్మగారు దూరంగా ఉన్నారు. పద్నాలుగేళ్ళ పిల్ల నా ఉద్యోగం తియ్యలేదు. అయినా చెప్పలేదు.

"డ్రైవరు చూసుకోలేదమ్మా."

"ఆ ముసలాయనాండి?" ఆశ్చర్యపోయింది. "ఆయన మంచాయనండి. ఆఖరి రోజు పరీక్షకి మాకు ఆలస్యమైపోతుంటే ఎదురొచ్చి కారెక్కించుకున్నాడు. తొమ్మిది మందిమీనండి. ఒకళ్ళ మీద ఒకళ్ళం కూర్చున్నాం. కారెక్కడం మాకదే మొదలు. ఆయన్నేమనకండేం."



మళ్ళీ పరీక్షకి ఆ తొమ్మిది మందిలో ఆరుగురే వచ్చారు. ముగ్గురు చేపల పనిలో పడిపోయారు. మళ్ళీ అంత దూరం పంపలేమన్నారు పెద్దవాళ్ళు. ఎర్ర రిబ్బను పిల్ల రాసింది, పాసైంది. కానీ ఆ ఫలితాలు వచ్చేసరికి ట్రెయినింగు స్కూల్లో చేర్చుకోవడం అయిపోయింది. ఏడాది ఆగమన్నారు. ఆ దరఖాస్తు మీద "వచ్చే సంవత్సరం" అని రాసి మళ్ళీ ఫైల్లో పెట్టిందీ నేనే.

ఆ ఏడాదిలో ఒకసారి ఆ పిల్లని బందరు మార్కెట్లో చూశాను. తల్లి వెనక బుట్ట నెత్తిన పెట్టుకుని నడుస్తోంది. నేను ఒక బట్టల కొట్టులోకి దూరి, వాళ్ళు వెళ్ళిపోయేదాకా అక్కరలేని చీరలు బేరం చేశాను. ఆ కొట్టతను విసుక్కుని, "కొనడానికి వచ్చావామ్మా, ఎండకి వచ్చావా?" అన్నాడు. దేనికొచ్చానో చెప్పే ధైర్యం ఉంటే ఆ కొట్టులోకే వెళ్ళేదాన్ని కాదు.

ఆగమన్న ఏడాది గడిచింది. ఆ పిల్లకి సీటు వచ్చింది. సరిగ్గా అప్పుడే నేను కోడూరు క్యాంపులో ఉన్నాను. తిరిగొచ్చేటప్పుడు ఆ పిల్లని కార్లో తెచ్చి హాస్టల్లో దింపమని అమ్మగారు కబురు పెట్టారు. అవనిగడ్డలో తల్లి ఆ పిల్లని ఎక్కించి, నా రెండు చేతులూ పట్టుకుంది.

"మీరుండబట్టి అమ్మా. ఆ కాయితాలు పోయినప్పుడే అయిపోయిందనుకున్నాం. మీరు మళ్ళీ వచ్చి చెప్పబట్టి."

ఆ చేతులు విడిపించుకోడానికి నేను ఏదో సామాను సర్దుతున్నట్టు నటించాను. కారు కదిలింది. ఆ పిల్ల చేతిలో గుడ్డ సంచి. అందులో పుస్తకాలు, పలక, పాసైన సర్టిఫికెట్టు.

"ఆ సంచి కాళ్ళ దగ్గర పెట్టుకో. పైకి కనపడకూడదు," అన్నాను. అమ్మగారి గొంతు తెచ్చుకుని.

"అమ్మో, పుస్తకాలండి."

"అయితే సీటు మీద పెట్టు."

"సీటు మీదైతే ఎవురన్నా పట్టుకుపోరాండి?"

అని సంచి ఒళ్ళోకి లాక్కుని రెండు చేతులూ దాని చుట్టూ వేసింది. "ఇట్టా పెట్టుకుంటానండి. ఒళ్ళు కాళీగానే ఉందిగా."

అంతే అంది. ఏ ఎత్తిపొడుపూ లేదు. కిటికీలోంచి అక్విడక్టు కింద నీళ్ళు చూస్తోంది.

ఏడాదిగా నేను నాకు చెప్పుకున్న కథ ఒకటుంది. కింద పెడితే అపచారం, పైన పెడితే ప్రమాదం, మధ్యలో నేనేం చెయ్యగలను, అని. ఎన్ని రాత్రులు ఆ కథ చెప్పుకుని నిద్రపోయానో. కాళ్ళకీ సీటుకీ మధ్య ఒళ్ళు అనేది ఒకటి ఉందని, మూట దాని మీద పెట్టుకుంటే ఆ ముసలాయన మనసూ నొచ్చేది కాదని, అమ్మగారి మాటా తప్పేది కాదని, దాన్ని వదిలేసి రోడ్డు దాటాలనుకున్నా ముందు చేతులతో ఎత్తి పక్కన పెట్టాల్సి వచ్చేదని, నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. తట్టకపోవడానికి కారణం తెలుసు. నా ఒళ్ళో చోటు లేదు. అక్కడ నవల ఉంది.

చల్లపల్లి వచ్చేదాకా ఓర్చుకున్నాను. అక్కడ టైరు పంక్చరైంది. డ్రైవరు స్టెప్నీ తియ్యడానికి వెనక్కి వెళ్ళాడు. ఆ పిల్ల సంచితో సహా దిగి, కాలవ గట్టున సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. సీటు మీద పెట్టడం, రోడ్డు దాటడం, నాలుగు అబద్ధాలు, ఆ ముసలాయన తువ్వాలు. నా గొంతు నాకే వినపడనంత మెల్లిగా చెప్పాను. ఆ పిల్ల వేళ్ళతో సంచి అంచు మడుస్తూ కూర్చుంది. తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను.

"మంచి పుస్తకమేనాండి?" అంది.

రెండో భాగం నేను ఇప్పటికీ చదవలేదని చెప్పి ఉండవలసింది. ఆవిడ పడవ ఎక్కిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

సోమవారం అమ్మగారి గదిలోకి వెళ్ళి చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఆయనకి చెప్పావా?"

"లేదండి."

"ముందు అక్కడికి వెళ్ళకుండా నా దగ్గరికెందుకొచ్చావు? నేను పై అధికారినని. అంతేగా? పో, చెప్పి రా. వచ్చాక అంతా రాసి సంతకం పెట్టి ఇవ్వు. అది నీ సర్వీసు రిజిస్టరులో ఉంటుంది, ఉండనీ."

ఉంది. మీరు చూడాలనుకుంటే చూడవచ్చు.

కోనేరు సెంటర్లో కార్ల స్టాండు దగ్గర బాబాయి నల్ల కారు తుడుస్తున్నాడు. నన్ను చూసి గుడ్డ పక్కన పెట్టాడు. నేను మొదలుపెట్టబోతే ఆయనే అన్నాడు.

"పుస్తకంలో వేలు పెట్టుకునే చెప్పారమ్మాయిగారూ ఆ రోజు. పేజీ పోతుందని వేలు తియ్యలేదు. అంత భయంలోనూ. మా ఆవిడకి చెప్పి నవ్వాను."

"మరి మీరెందుకు చెప్పలేదు బాబాయిగారూ?"

"ఏం చెప్పేది? పైన పెట్టించింది నేను. నా పాలు నాకూ ఉంది. మీరు ఉద్యోగంలో కొత్త. నాకు పెళ్ళిళ్ళ బాడుగలున్నాయి." నవ్వు పోయింది. "పిల్లల పరీక్షలు పోగొట్టినోడని స్టాండులో ఏడాది పాటు నన్ను ఆటపట్టించారమ్మా. నాకేం, పడ్డాను. మా ఆవిడ మాత్రం మీ ఆఫీసు వీధిన నడవడం మానేసింది. ఆవిడకి కూడా ఒకసారి చెప్పండి. నా మాట నమ్మట్లేదు."

వెళ్ళి చెప్పాను. ఆవిడ తలుపు దగ్గరే నిలబడి విని, లోపలికి రమ్మనలేదు. అది న్యాయమే.

మర్నాటి నుంచి ఆఫీసు మళ్ళీ ఆయన కారునే పిలిచింది. ఇప్పుడు ఆ కారు లేదు, ఆయన నడిపేది ఇంకోటి. మనిషి ఆయనే. ఆ పిల్ల వాళ్ళ ఊరి పాకలోనే పంతులమ్మగా ఉంది, పెట్టె సర్దుకోలేదు. వచ్చే నెల మీరు అక్కడికి తనిఖీకి వెళ్తారు. ఆ పిల్లని చూస్తారు.

ఆ రోజు మీరు కారెక్కాక ఆయన వెంటనే బండి తియ్యడు. అద్దంలో చూడడు. మెడ తిప్పి వెనక్కి చూసి, "అమ్మాయిగారూ, ఒళ్ళో ఏముంది?" అంటాడు. మీరు మూట అని చెప్పాలి. "ఇంకా?" అంటాడు. ఇంకేమీ లేదని చెబితే గాని కదలడు. ముసలాయన చాదస్తం అనుకోకండి. చనువు తీసుకుంటున్నాడనీ అనుకోకండి. ఏడేళ్ళుగా ప్రతి క్యాంపుకీ నన్ను ఆ రెండు ప్రశ్నలూ అడిగి, జవాబు విన్నాక తృప్తిగా తలాడించి హారను కొట్టాడు. నేను వెళ్ళిపోయాక కూడా ఆయన అడుగుతాడు. మీ ఒళ్ళోకి ఒకసారి చూసుకుని, జవాబు చెప్పండి.